మారిపోయిన తోడేలుకు మేకపోతు పాఠం

గొర్రెల మందకు ముందు నడవడానికి ఒక మేకపోతు ఉంటుంది. అది ఎటు పోతే మంద అటే, గొర్రెదాటంటే అదే మరి. ఈ మందలోని పోతును అందరూ గడ్డం పంతులు అనేవారు. ఒకసారి వానకు మంద బడి వసారాలో ఆగినప్పుడు, అక్కడ దొరికిన ఇంగ్లీషు వ్యాకరణాన్ని సగం నమిలి మింగాడు. అప్పట్నుంచీ ఆ సగం చదువునే నెమరేస్తూ తిరుగుతున్నాడు. మేకపోతు గాంభీర్యం అని ఊరికే అన్నారా!

ఆ మధ్యాహ్నం కాలు బెణికి పంతులు మేతకు పోలేదు. దొడ్డిలో మిగిలింది ఆయన, ఇంకా గడ్డి కొరకడం రాని పిల్లలు, నిన్ననే ఈనిన బొల్లి గొర్రె. కాపరీ కుక్కలూ మందతో మిట్ట మీద ఉన్నారు. అదను చూసి తోడేలు తడిక దగ్గరికి వచ్చింది.

"పంతులుగారూ, దండాలు! నేను మారిపోయానండీ. లోపలికొచ్చి పసివాళ్లను ఒక్కసారి దీవించి పోదామని..."

బొల్లి గబుక్కున తన పిల్లను కడుపు కిందికి లాక్కుంది. పంతులు చెవిన మాత్రం 'మారిపోయాను' అన్న ఒక్క మాటే పడింది. ఇన్నాళ్లకు ఆయన చదువుకు పని దొరికింది.

"ఏ మారడంరా? ఇంగ్లీషులో ఒకటా రెండా! చొక్కా విప్పి వేరేది తొడిగితే చేంజ్. అదే చొక్కా వదులు చేయిస్తే ఆల్టర్. దానికో జేబు కుట్టిస్తే మాడిఫై. చింపి సంచీ చేస్తే కన్వర్ట్. గొంగళిపురుగు సీతాకోకచిలుకైతే ట్రాన్స్‌ఫార్మ్. నీది ఏది?"

"ఆ పురుగుదేనండీ గురువుగారూ!"

"శభాష్! మరి క్రియలు? ఈట్, ఏట్, ఈటెన్. అప్పజెప్పు."

తోడేలు చొంగ మింగుకుంటూ మూడూ అప్పజెప్పింది. ఒక్క తప్పు లేదు.

"ఆ తినే మాటను వాడెంత ఇష్టంగా వల్లిస్తున్నాడో చూశారా?" అంది బొల్లి. "మీకు పుణ్యముంటుంది, తడిక తీయకండి."

"నోర్ముయ్యవే! నా జన్మకు ఒక్క శిష్యుడు దొరికాడు. గొర్రె కసాయివాణ్ణైనా నమ్ముతుందంటారు, నువ్వేమో చదువుకునేవాణ్ణి కూడా నమ్మవు!"

పంతులు కొమ్ములతో తడిక లోపలికి లాగి, శిష్యుణ్ణి తోడ్కొని రావడానికి కుంటుకుంటూ బయటికి అడుగేశాడు. బొల్లికి ఆలోచించే వ్యవధి లేదు. తలతో ఒక్క కుమ్ము కుమ్మి తడిక మూసేసి, ఒంటి బరువంతా దానికి ఆనించి నిలబడింది.

తోడేలు మూసిన తడికను చూసింది, పంతుల్ని చూసింది. దొరికిందే చాలనుకుని ఆయన చెవి పట్టుకుంది.

"చిన్న సందేహం గురువుగారూ," అంది పళ్ల సందునుంచి. "మేకపోతు కూరైతే కన్వర్ట్ అనాలా, ట్రాన్స్‌ఫార్మ్ అనాలా?"

మింగిన పుస్తకంలో ఒక్క ముక్క గుర్తు రాలేదు పంతులుకు. "మే... మే..." అని స్వచ్ఛమైన మాతృభాషలో అరిచాడు.

ఆ అరుపుకు మిట్ట మీది కుక్కలు ఒక్క ఉరుకున వచ్చాయి. తోడేలు నోట కరిచిన సగం చెవితో ఉడాయించింది. నెత్తురోడుతూ పంతులు తడిక ముందు నిలబడ్డాడు.

"తీయవే నా తల్లీ!"

"తీస్తాను పంతులుగారూ," అంది బొల్లి. "ఇకనుంచి పాఠాలు మీవి, తడిక నాది."

మారానని వచ్చినవాడి నోట్లో మాటలు కాదు, పళ్లు చూడాలి.