నట్టుకు కట్టిన దారం

పదకొండేళ్లు పనిచేశాక కూడా ఉస్తాద్ తనను నమ్మడం లేదని ఓబులేసుకు అనుమానం వచ్చింది.

కడప ఊరి చివర, కొండల్లోని ఘాటుకు పోయే రోడ్డు మీద ఖాదర్‌వలీ ఉస్తాద్ షెడ్డు. పాత కార్లను ఫిట్‌నెస్ పరీక్షకు సిద్ధం చేయడంలో ఆయనకు పేరుంది. మూడు చక్రాల బ్రేకులు ఓబులేసు చూస్తాడు. డెబ్భై దాటిన ఉస్తాద్ ఒక్క చక్రం మాత్రం తన చేత్తో చేస్తాడు. సాయంత్రానికి నాలుగూ బిగించి ఇద్దరూ ఇళ్లకు పోతారు. అంతవరకు బాగానే ఉంది. కానీ కారు బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందుకు పోవాల్సిన రోజున మాత్రం ఓబులేసు వచ్చేసరికే ఉస్తాద్ చేతులు నల్లగా ఉంటాయి. జాకీ పెట్టిన చోట ఉండదు. ఏమని అడిగితే చాయ్ తాగమంటాడు.

తన వెనకాల తన పని విప్పి చూస్తున్నాడని ఓబులేసు తేల్చుకున్నాడు. కొత్త షెడ్డువాళ్లు పెద్ద మేస్త్రీగా రమ్మని ఇప్పటికి రెండుసార్లు కబురు పెట్టారు. వాళ్లకు ఉన్న నమ్మకం ఈయనకు లేకపోయె అని లోలోపల కుమిలిపోయాడు.

ఈసారి నర్సు సుగుణమ్మ గారి అంబాసిడర్ వచ్చింది, మర్నాడే ఇన్‌స్పెక్టరు దగ్గరికి పోవాలి. ఘాటు కింది పల్లెలకు ఆమె తిరిగేది అందులోనే. ఓబులేసు నాలుగు దారప్పోగులు తెచ్చుకున్నాడు, మూడు చాలినా ఒకటి ఎక్కువే ఉండనీ అని. తెల్లగా కనపడకుండా, నట్లకు అతుక్కునేలా వాటికి గ్రీజు పూస్తుండగా, చాయ్‌కి పోయిన ఉస్తాద్ చెప్పుల చప్పుడు వినిపించింది. పోగులు జేబులో కుక్కి, విప్పి ఉన్న చక్రానికి గబగబా బ్రేకును మూసే డ్రమ్ము ఎక్కించేశాడు.

సాయంత్రం ఉస్తాద్ చూడకుండా తన మూడు చక్రాలకూ నట్టు నుంచి నట్టుకు ఒక్కో పోగు కట్టాడు. ఎవరు విప్పినా దారం తెగాల్సిందే. ఒక్కటి తెగి ఉన్నా రేపటితో ఈ షెడ్డుకు దండం అనుకున్నాడు.

తెల్లవారుతుండగానే, తన సామాన్లు వేసుకుపోవడానికి ఖాళీ గోనెసంచి పట్టుకుని వచ్చాడు. తలుపు తీసే ఉంది. కారు జాకీ మీద ఉంది. ఉస్తాద్ చక్రం ఊడదీసి, టార్చి వేసుకుని లోపలికి చూస్తున్నాడు.

అనుకున్నంతా అయింది అనుకున్నాడు ఓబులేసు. పలకరించకుండా వంగి తన చక్రాలు చూసుకున్నాడు. మొదటి దానికి దారం ఉంది. రెండో దానికి ఉంది. మూడో దానికీ ఉంది.

ఉస్తాద్ విప్పింది తాను చేసిన చక్రాన్ని.

"దాన్ని నిన్న నువ్వే బిగిస్తివి గదా ఉస్తాద్?"

"అందుకే ఇప్పినా. బిగిచ్చినోడు ముసలోడు. పొద్దుగూకే టయానికి అలిసిపోయింటాడు. వాని మాట నేనెట్ల నమ్మేది?"

"మరి నా చక్రాలు?"

"నువ్వు బిగిచ్చినవి నన్నడుగుతావేంరా?"

ఉస్తాద్ నింపాదిగా డ్రమ్ము ఎక్కించి, చక్రం పెట్టి, నట్లు బిగించాడు. ఆ తర్వాత ఓబులేసు వైపు చెయ్యి చాపాడు.

"ఇంకో పోగుంటే ఇయ్యి. దీనికీ కట్టల్ల."

ఓబులేసు సిగ్గుతో చచ్చిపోయాడు. జేబులోంచి మిగిలిన పోగు తీసి ఆయన చేతిలో పెట్టాడు. తర్వాత నిన్న హడావిడిగా మూసిన చక్రం దగ్గరికి పోయి, తెచ్చిన సంచిని నేల మీద పరిచి దాని మీద కూర్చున్నాడు. తన దారం తానే తెంచి, నట్లు విప్పి, డ్రమ్ము లాగాడు.

కొత్త బ్రేకు లైనింగు మీద నల్లగా ఒక బొటనవేలి ముద్ర ఉంది. గ్రీజుది. గ్రీజు తగిలిన బ్రేకు పట్టదు, జారుతుంది. ఘాటు మలుపులో సుగుణమ్మ గారి కారు అతని కళ్ల ముందు మెదిలింది. ముద్ర పక్కన తన బొటనవేలు పెట్టి చూసుకున్నాడు.

కారుకు అవతలి నుంచి, లేవకుండానే అడిగాడు ఉస్తాద్.

"ఏమన్నా దొరికిందా?"

"దొరికినాడు ఉస్తాద్," అన్నాడు ఓబులేసు.