దొంగ మార్చిన పెళ్లికొడుకు ఫైలు

అనకాపల్లి మొత్తానికి తెలివంటే తమదేనని సన్యాసిరావుకీ, అతని తమ్ముడు సింహాచలానికీ గట్టి నమ్మకం. ఇద్దరూ కలిసి పెళ్లి సంబంధాల ఆఫీసు నడిపేవారు. ఊళ్లో పెళ్లికావలసిన వాళ్ల వివరాలన్నీ మనిషికో ఫైలు చొప్పున ఆఫీసు కంప్యూటర్‌లో, అంటే లినక్స్ సర్వర్‌లోనే ఉండేవి. ఎవరి ఫైలు వాళ్లు ఫోన్‌లోంచే మార్చుకోవచ్చు. సన్యాసిరావుకి మాత్రం నలభై దగ్గరపడ్డాక, నానా తంటాలూ పడితే, వరహాలు అనే పిల్ల ఒప్పుకుంది. ఇది తప్పితే ఆ మనిషికి ఇంక పెళ్లి లేనట్టే.

పెళ్లి హడావిడిలో ఎవడైనా సర్వర్‌లో దూరతాడేమోనని వాళ్ల బావ గౌరునాయుడు రూట్‌కిట్ స్కానర్ పెట్టాడు. "ఇది దొంగ ప్రోగ్రాముల్ని పసిగడుతుంది. ఏ ఫైలు మారినా మీ ఫోన్‌కి చెబుతుంది. మీరు మార్చకుండా మారిందంటే దొంగ పనే. పాతది మళ్లీ పెట్టెయ్యండి" అన్నాడు.

అంతే. మర్నాడే ఫోన్ మోగింది. ఒకాయన ఇల్లు మారి, తన ఫైలులో కొత్త అడ్రసు రాసుకున్నాడు.

"నువ్వు మార్చావా?"

"లేదన్నా."

"నేనూ మార్చలేదు. దొంగే."

పాతది పెట్టేశారు. ఇంకేముంది, పెళ్లివారు కారేసుకుని పాత ఇంటికెళ్లి, తాళం వేసిన తలుపు ముందు కూర్చుని, తెచ్చిన లడ్డూలు వాళ్లే తినేసి పోయారు. తర్వాత ఒక పిల్ల తనకి పెళ్లయిందని రాసుకుంది. అదీ దొంగ పనే అన్నారు. పాపం ఆ పిల్ల మొగుడు, పెళ్లాన్ని చూడ్డానికొచ్చిన వాళ్లందరికీ కాఫీలు అందించలేక చచ్చాడు. వీళ్లు మాత్రం ఇద్దరు దొంగల్ని పట్టామని మురిసిపోయారు.

పెళ్లిరోజు వచ్చింది. సన్యాసిరావు పీటల మీద కూర్చుని మంగళసూత్రం చేతికి తీసుకున్నాడు. బావ ముచ్చటపడి, తన ఫోన్‌లోంచే అతని ఫైలులో 'పెళ్లయింది' అని రాశాడు. సింహాచలం జేబులో ఫోన్ మోగింది.

"అన్నా, దొంగ నీ ఫైలు మీదే పడ్డాడు."

"ఒరేయ్, అది నేనే మార్చాను" అని బావ పరిగెత్తుకొచ్చాడు.

"మేం మార్చకపోతే దొంగ పనేనని చెప్పింది నువ్వేగా బావా" అని ఇద్దరూ కలిసి బావని కండువాతో స్తంభానికి కట్టేశారు. సింహాచలం పాత ఫైలు పెట్టేశాడు.

"ఇప్పుడేముందిరా అందులో?"

"సంబంధాలు చూస్తున్నారు, అని ఉందన్నా."

సన్యాసిరావు మంగళసూత్రం పళ్లెంలో పెట్టేసి, పీటల మీంచి లేచి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

"ముహూర్తం దాటిపోతోంది అల్లుడూ" అని వరహాలు తండ్రి బతిమాలాడు.

"అప్పుడే అల్లుడేంటండీ? ఇంకా చూస్తున్నాం కదా. అమ్మాయిని ఒకసారి ఇలా రమ్మనండి."

పెళ్లిబట్టల్లోనే వరహాలు వచ్చి ఎదురుగా నిలబడింది. సింహాచలం గొంతు సవరించుకుని, వంటొచ్చా, పాటలొచ్చా అని అడిగాడు. ఆ పిల్ల కొంగుతో మొహం కప్పుకుంది.

"మొహమాటం ఎక్కువలా ఉందన్నా" అన్నాడు.

తర్వాత అన్నదమ్ములు పంక్తిలో కూర్చుని, భోజనం సుష్టుగా చేసి, చేతులు కడుక్కుని, వరహాలు తండ్రికి వినయంగా దండం పెట్టారు.

"పిల్ల నచ్చిందండీ. ఇంటికెళ్లి కబురు పెడతాం."