పిలవని పిట్ట

జాంబియాలో అదో చిన్న జాతీయ పార్కు. సింహాల కోసం వెళ్ళేవాళ్ళు వేరే చోటికి వెళ్తారు, ఇక్కడికి వచ్చేవాళ్ళంతా పిట్టల కోసమే వస్తారు. వాళ్ళని వెంటబెట్టుకుని తిప్పే ముసోండాని అందరూ తాత అనే పిలుస్తారు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న చిలేషేకి ఒకటే బెంగ. యాత్రికుల్ని తనొక్కడే తీసుకెళ్ళడానికి తాత ఎప్పటికి ఒప్పుకుంటాడు?

పిట్టల్లా ఈల వెయ్యడంలో మాత్రం చిలేషేని మించినవాడు లేడు, ఒప్పుకోవాల్సిందే. ఆ ఉదయం తాతకి తన సత్తా చూపించాలని పొడవు తోక పిట్ట గొంతుతో ఈల వేశాడు. తన చోటులోకి ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని ఇటుకరంగు పిట్ట ఒకటి దూసుకొచ్చింది. ఒంటికి రెండింతలుంది తోక. ఎంత అందమో చెప్పలేం. ముక్కున ఉన్న తూనీగను వదిలేసి కొమ్మ కొమ్మా వెతికింది. యాత్రికులు చప్పట్లు కొట్టారు. చిలేషే మళ్ళీ మళ్ళీ ఈల వేశాడు.

తాత వంగి, కింద పడ్డ తూనీగను తీసి జేబులో వేసుకున్నాడు.

మధ్యాహ్నం చిలేషే ఆకలితో నకనకలాడుతూ మొక్కజొన్న సంకటి ముందు కూర్చున్నాడు. ముద్ద చేస్తుండగానే గేటు దగ్గర వేలాడే ఇనుప చక్రం మోగింది. అది మోగితే యాత్రికులు వచ్చినట్టే, ఎంత పనిలో ఉన్నా పరుగెత్తాలి. పరుగెత్తాడు. ఎవరూ లేరు. తిరిగొచ్చి కూర్చోగానే మళ్ళీ మోగింది. ఈసారి వెళ్ళేసరికి చక్రం పక్కన సుత్తి పట్టుకుని తాత నిలబడి ఉన్నాడు.

చిలేషేకి ఒళ్ళు మండింది. "ఎవరొచ్చారు తాతా?"

"ఎవరూ రాలేదు."

"మరెందుకు కొట్టావు? నా సంకటి చల్లారిపోయింది."

తాత జేబులోంచి తూనీగను తీసి అతని అరచేతిలో పెట్టాడు. చిలేషే తలెత్తి, పొద్దున ఆ పిట్ట వెతికిన కొమ్మల వైపు చూశాడు.

సాయంత్రం నిజంగానే యాత్రికులు వచ్చారు. ఉదయం సంగతి విన్నారట, ఈల వెయ్యమన్నారు. చిలేషే వాళ్ళని ఆ పిట్ట గూటికి దూరంగా గడ్డిలో కూర్చోబెట్టాడు. చాలాసేపు ఏ పిట్టా రాలేదు. ఒకాయన విసుక్కున్నాడు. వచ్చిన పేరు కాస్తా పోయేలా ఉందని చిలేషే తాత వైపు చూశాడు. తాత గడ్డిపరక నములుతున్నాడు. చిలేషే పెదాలు బిగించి కూర్చున్నాడు.

చివరికి అది వచ్చింది. ఆ తోకంతా వెనకాల ఊగుతుండగా, ముక్కున పురుగుతో తిన్నగా గూటి మీద వాలింది. గూట్లో పిల్లల నోళ్ళు తెరుచుకున్నాయి. విసుక్కున్నాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. దాన్నెలా పిలిచావని గుసగుసగా అడిగాడు.

"నేను పిలవలేదండీ. అది ఇంటికొచ్చింది."

వెనక కూర్చున్న తాత లేచి, ప్యాంటుకంటిన గడ్డి దులుపుకున్నాడు.

"రేపట్నుంచి నేను రాను," అన్నాడు.