సర్పంచి బండి ఎత్తు

గుండ్లవాగు సర్పంచి వీరభద్రప్పకు తన పికప్పు బండి ఎత్తు చాలలేదు. పట్నం మెకానిక్కును ఇంటికే పిలిపించి పెద్ద టైర్లు వేయించాడు, కిందికి వంగినట్టుండే ముందు భాగాన్ని పైకి లేపించాడు.

బయల్దేరగానే బండి కప్పు, జొన్నరొట్టెలమ్ముకునే సుంకులమ్మ ఇంటి చూరుకు గీసుకుంది.

"నా బండికి అడ్డమొచ్చింది ఏదైనా సరే, పొద్దు గూకేలోగా పీకెయ్యాల," అన్నాడు సర్పంచి.

చూరు పోతే ఆమె పొయ్యి వానపాలే. సుంకులమ్మ ఒకసారి వీధి చివర వైపు చూసింది.

"అట్లనే సామీ. ఎవురిదైనా అంతేనా?"

"ఎవురిదైనా."

"అయితే దండోరా ఏపించండి. నా ఒక్కదాని మీదే కక్షని జనం అనుకోకుండా ఉంటారు."

సర్పంచికి ఆ మాట నచ్చింది. దండోరా వేయించి, దర్జాగా బండి కదిలించాడు.

వీధి చివర పెళ్లుమని శబ్దం. జనం నోళ్లు తెరుచుకుని నిలబడిపోయారు. ఎడ్లబండ్ల కాలం నాటి ఆర్చి కింద బండి ఇరుక్కుపోయింది. ఆర్చి మీద సర్పంచి తండ్రి పేరు, విగ్రహం.

సుంకులమ్మ గడ్డపార భుజాన వేసుకుని వచ్చింది.

"పొద్దు గూకుతాంది సామీ. ముందు మా చూరు పీకేదా, మీ నాయనదా?"

సర్పంచి బండి దిగి, వంగి, కొత్త టైర్లలో గాలి తీయడం మొదలుపెట్టాడు.