దాలయ్య ఇంటి వెనక గోడ

జీడితోట దాటితే ఒక ఎర్రగుట్ట. ఆ గుట్ట కింద బొరియలో దాలయ్య అనే ఏదుపంది, పెళ్ళాం నూకాలుతోనూ ఇద్దరు పసిపిల్లలతోనూ కాపురం ఉండేవాడు. దాలయ్య నెమ్మదస్తుడు, కష్టజీవి. ఒక్కటే జబ్బు. దారిలో కనపడినదాన్ని వదిలి రాలేడు. ఎండిన ఎముకలు, కుండ పెంకులు, కొబ్బరి చిప్పలు, ఎవరో పారేసిన ఒంటి రబ్బరు చెప్పు, అన్నీ ఇంటికి చేర్చేవాడు. వెనక గోడ పొడుగునా అవి కుప్పగా పెరిగి పైకప్పును తాకుతున్నాయి. ఆ కుప్పకు ఆనుకునే పిల్లల పక్క.

ఈ విషయంలో దాలయ్యను మెచ్చుకునేవాడు ఒక్కడే ఉన్నాడు. జగ్గారావు అనే నక్క. నూకాలును చెల్లెమ్మా అనీ, దాలయ్యను బావా అనీ పిలుస్తూ వచ్చిపోతుండేవాడు. ఎప్పుడూ వట్టి చేతులతో రాడు.

"ఈ గేదె జబ్బ ఎముక చూడు బావా, ఎంత వెడల్పుందో. పిల్లల తలవైపు నిలబెట్టు, చలిగాలి తగలదు" అని తానే లోపలికి తెచ్చి, తానే గోడకు ఆనించి వెళ్ళాడు ఒకసారి. దాలయ్య మురిసిపోయాడు. నూకాలు కూడా కాదనలేదు. పిల్లల మీద మేనమామకు ఉన్న ప్రేమ అనుకుంది.

వానలు దగ్గరపడ్డాయి. పిల్లలిద్దరికీ ఒంటినిండా నెత్తురు పీల్చే పిడుదులు పట్టాయి. చిన్నది గోక్కుని గోక్కుని నిద్రపోవడం మానేసింది. ఒక పొద్దున్న నూకాలు చీపురు పట్టుకుంది.

"ఇవాళ ఇల్లు శుభ్రం చేయాలి. ముందు ఆ కుప్ప తీసేద్దాం, పట్టు."

"కుప్పెందుకే? ముందు భాగమంతా ఊడ్చి వేపాకు పరిస్తే సరిపోదా?"

"కిందటేడు అదే చేశాం. పిడుదులు ఉండేది ముందు కాదు, ఆ కుప్పలో. సామాను బయటికి పోనిదే చీపురు ఎక్కడ పెట్టేది?"

"అందులో పనికొచ్చేవి ఉన్నాయి."

"ఎవరికి?"

ఇంతలో గుమ్మంలో జగ్గారావు. సంగతి వినగానే వాడి మొహం పాలిపోయింది.

"చెల్లెమ్మా, తొందరపడకు. కొండ మట్టి వదులుగా ఉంది. ఆ కుప్పే వెనక గోడను మోస్తోంది. లాగావంటే కప్పు పిల్లల మీద పడుతుంది."

"విన్నావా?" అన్నాడు దాలయ్య పెళ్ళాంతో.

"పైపైన ఊడ్చుకో, చాలు. సాయంత్రం నేనొచ్చి చూస్తాను" అని జగ్గారావు వెళ్ళిపోయాడు.

నూకాలుకు అనుమానం వచ్చింది. ఇన్నాళ్ళూ కుప్ప పెరుగుతుంటే చూస్తూ ఎన్నడూ కప్పు సంగతి ఎత్తని మనిషి, ఇవాళ ఎందుకంత కంగారు పడ్డాడు? పిల్లల్ని గుమ్మం పక్క మూలకు మార్చింది. చిన్నదాని మెడ మీద రక్తం కారుతున్న చోటు మొగుడికి చూపించింది. దాలయ్య లేచి వచ్చి తానూ చెయ్యి వేశాడు.

మొదట్లో ప్రతిదానికీ పేచీయే. కుండ పెంకు తీస్తే "నీళ్ళు పట్టుకోవచ్చు" అనేవాడు. "చిల్లుంది" అనేది ఆవిడ. చెప్పు తీస్తే "రెండోది దొరుకుతుంది" అన్నాడు. ఆవిడ అతని నాలుగు కాళ్ళ వంక చూసి ఊరుకుంది. తర్వాత తర్వాత అతనే మోయడం మొదలుపెట్టాడు. అంతా తీసుకెళ్ళి తుప్పల వెనక వాగులో పోశారు. కప్పు మట్టి రవ్వంత కూడా రాలలేదు.

చివరికి గేదె ఎముక ఒక్కటే మిగిలింది. నూకాలు దాన్ని పక్కకు జరిపింది.

గోడకు కన్నం ఉంది.

ఎలకలు చేసిన కన్నం కాదు. నక్క తల, భుజాలు పట్టేంత సొరంగం. లోపలి మట్టి ఇంకా తడిగా ఉంది. అంచుకు గోధుమరంగు వెంట్రుకలు అంటుకున్నాయి. అటుచివర జీడితోటలోని వెలుగు సన్నగా కనిపిస్తోంది. ఎముకకు ఇటువైపు పిల్లలు తలలు ఆనించి పడుకునే గుంట. మధ్యలో గోడ లేదు. తవ్వడం ఇప్పుడిప్పుడే పూర్తయినట్టుంది.

దాలయ్య ఒంటి మీది ముళ్ళన్నీ వాటంతటవే గలగలలాడాయి.

"ఎముక వాడే తెచ్చాడు" అన్నాడు దాలయ్య. "ఇక్కడే పెట్టమన్నాడు."

"అన్నయ్యా అని పిలిచాను వాణ్ణి" అంది నూకాలు. "తినడానికి దుంపలు పెట్టాను."

ఇద్దరూ దుంపలకు వెళ్ళేటప్పుడు గుమ్మానికి రేగుముళ్ళు అడ్డం పెట్టి, పిల్లలు క్షేమం అనుకుని వెళ్ళేవాళ్ళు. నక్కకు గుమ్మంతో పనే లేదు. నిన్న రాకపోవడానికి కారణం ఏమిటో, ఇవాళ సాయంత్రం వస్తాననడంలో ఎత్తు ఏమిటో ఇద్దరికీ ఇప్పుడు అర్థమైంది.

"మట్టితో పూడ్చేస్తాను" అని లేచాడు దాలయ్య.

"పూడిస్తే ఇంకోచోట తవ్వుతాడు. పిల్లల ముళ్ళు గట్టిపడేదాకా ఎన్నని పూడుస్తావు?" అంటూ నూకాలు ఎముకను మళ్ళీ యథాస్థానంలో నిలబెట్టింది. "నువ్వు ఇక్కడ కూర్చో. వీపు గోడవైపు పెట్టు."

సాయంత్రం జగ్గారావు వచ్చేసరికి నూకాలు గుమ్మం ముందు ఊడుస్తోంది.

"కుప్ప ముట్టుకోలేదు కదా?"

"నువ్వు చెప్పాక ముట్టుకుంటానా అన్నయ్యా? మీ బావ దుంపలకు ముందే వెళ్ళాడు. నేనూ పోతున్నాను. పిల్లలు నిద్రపోయారు."

"వెళ్ళిరా తల్లీ. నేనిక్కడే కాపలా ఉంటాను."

నూకాలు గుమ్మానికి రేగుముళ్ళు అడ్డం పెట్టి తోటలోకి నడిచింది. తుప్పల చాటుకు వెళ్ళగానే ఆగి వెనక్కి చూసింది. గుమ్మం దగ్గర కాపలా లేదు.

లోపల దాలయ్యకు మట్టి రాలుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత రొప్పుతున్న ఊపిరి. ఎముక మెల్లిగా పక్కకు ఒరిగింది. చీకట్లో పిల్లల మెత్తటి ఒళ్ళు అనుకుని జగ్గారావు నోరు తెరిచి తల దూర్చాడు. దాలయ్య ముళ్ళన్నీ నిక్కబొడిచి, బలమంతా పెట్టి వెనక్కి జరిగాడు.

"బావా, నేనే" అన్నాడు నక్క, నోట్లో ముళ్ళతోనే.

"తెలుసు" అన్నాడు దాలయ్య. ఇంకో అడుగు వెనక్కి వేశాడు.

సొరంగం తవ్వినవాడు తన ఒంటికి సరిపడా మాత్రమే తవ్వాడు. తిరగడానికి చోటు లేదు. మూతి నిండా, దవడల నిండా ముళ్ళు దిగబడి, తోక ముందు పెట్టుకుని పాక్కుంటూ అవతలికి పడ్డాడు. అరుద్దామంటే నొప్పి, నోరు మూద్దామంటే ముళ్ళు అడ్డం. జీడితోట దాటి అలా కాళ్ళీడ్చుకుంటూ పోతున్న నక్కను చూసి ఒక కుందేలు, ఏమైంది మామా అని అడిగింది. ఏమని చెబుతాడు? వినపడనట్టే వెళ్ళిపోయాడు. ఆ గుట్ట వైపు మళ్ళీ ఎన్నడూ రాలేదు.

అక్కరలేనిది ఇంట్లో పేర్చుకున్నవాడికి, దాని వెనక పెరుగుతున్న ఆపద కనపడదు.