మోకాలిలోతు గొయ్యి

ఎర్రవాగులో ఇసుక తవ్వుకునే పని నక్కకు దక్కింది. ఎలా దక్కిందని అడిగితే "పైవాళ్లు ఇచ్చారు" అనేది. ఆ పైవాళ్లెవరో మాత్రం చచ్చినా చెప్పేది కాదు. మోకాలి లోతుకు మించి తవ్వకూడదని సింహం షరతు పెట్టింది. ఆ షరతు ఎవరికి పట్టింది? నక్క తవ్వుతూనే పోయింది.

మొన్న వానల్లో మేక పెద్దపిల్ల నీళ్లు తాగబోయి ఆ గొయ్యిలో పడి చచ్చిపోయింది. "మోకాలి లోతులో ఎవరైనా మునుగుతారా? దానికేదో జబ్బుండి ఉంటుంది" అని నక్క తేలిగ్గా కొట్టిపారేసింది. మేక కుమిలిపోయింది. ఇంకో పిల్ల మిగిలింది. దానికీ ఆ వాగు నీళ్లే దిక్కు.

ఒకరోజు పొద్దున్నే, అడవంతా తిరిగి వార్తలు చెప్పే కాకి మేక ముందు వాలింది.

"నక్క పంపిన చేపలు తిన్నావటగా?" అంది మేక.

"పంపింది, తినలేదు. అడక్కుండా పెట్టేవాళ్లంటే నాకు భయం."

"అందరూ అలాగే అంటారు."

"నమ్మకపోతే మానెయ్, మేకమ్మా. రేపు గొయ్యి చూడ్డానికి సింహం ఎలుగయ్యను పంపుతోంది."

"ఆయన చూసేదేముంది? పోయినసారి గట్టు మీద కూర్చుని, నక్క ఇచ్చిన తేనెపట్టు నాకి, అంతా సవ్యంగా ఉందని రాసుకుపోయాడు."

"అందుకే ఈసారి నీళ్లలోకి దింపుదాం" అంది కాకి.

"మునిగితే?"

"నక్క మునగనిస్తుందా? ఆయన సంతకం లేకపోతే దాని బతుకేం కాను!"

మేకకు నమ్మకం కుదరలేదు. అయినా మర్నాడు గట్టుకి అందరికంటే ముందు వెళ్లింది.

అప్పటికే నక్క లోతు కనబడకుండా వాగుకి గండి కొట్టి గొయ్యి నిండా నీళ్లు పట్టించింది. అంచున, లోతు లేనిచోట ఒక కర్ర పాతి, నీళ్లు తగిలేచోట గీత పెట్టింది. ఎలుగయ్య మూతి తుడుచుకుంటూ వచ్చాడు. కర్ర చూసి, గట్టు మీద చేరిన జంతువుల వైపు తిరిగాడు.

"మోకాలి లోతే. ఏమయ్యా జనం, ఇంకా గొడవెందుకు?"

"మాకు మీ మాట చాలు, అయ్యగారూ" అంది కాకి వినయంగా. "కానీ రేపు పొద్దున అడవిలో ఏం చెప్పను? ఎలుగయ్య గట్టు మీంచి చూశాడని చెబితే ఏం బాగుంటుంది? స్వయంగా నీళ్లలో దిగి కొలిచాడంటే ఆ పేరే వేరు!"

ఎలుగయ్య ఛాతీ ఉబ్బింది. "అంతేగా!" అంటూ గొయ్యి మధ్యకేసి నడిచాడు. కాలు ఎత్తాడు.

నక్క ప్రాణం పోయినంత పనైంది.

"వద్దయ్యగారూ! అక్కడ తాడెత్తు లోతుంది! మునిగిపోతారు!"

ఎలుగయ్య కాలు గాల్లోనే ఆగింది. మేక నెమ్మదిగా ముందుకొచ్చింది.

"నా బిడ్డ నీళ్లలో దిగేటప్పుడు ఈ కేక ఎక్కడికి పోయింది, నక్కా?"

ఎలుగయ్య చుట్టూ చేరిన జంతువుల్ని చూశాడు, కాకిని చూశాడు. "తవ్వకం ఇప్పుడే ఆపాలి! నాకు మొదట్నుంచీ అనుమానంగానే ఉంది" అని గట్టిగా అరిచాడు.

ఆ సాయంత్రానికే నక్కను వాగు నుంచి తరిమేశారు. అందరూ కలిసి గొయ్యి పూడ్చారు. మేక తానే దిగి, నాలుగు మూలలా తొక్కి చూసుకున్నాకే పిల్లను నీళ్లకు పిలిచింది.

కాకి మాత్రం తెల్లారాక నక్క కేకతో పాటు ఎలుగయ్య మూతికి అంటిన తేనె సంగతి కూడా అడవంతా చెప్పింది.

తవ్వేవాడి మాటే కాదు, కొలిచేవాడి కొలతనూ పదిమంది ఎదుట సరిచూసుకోవాలి.