మాట మారిన బొరియ

ఎర్రగుట్ట కింద కుందేళ్ళదో పెద్ద బొరియ. వానల్లో తినడానికని దాచుకున్న శనక్కాయలూ, కళ్ళు తెరవని పిల్లలూ అన్నీ అందులోనే. వాకిలికి అడ్డంగా ఓ బండ. బండ వెనక కాపలా ఏదయ్య అనే ముళ్ళపందిది. ఎవరొచ్చినా "గాలి ఎటు?" అని అడిగేవాడు. "ముక్కుకెదురే" అంటేనే బండ జరిగేది.

మోకాళ్ళు అరిగిపోయి ఏదయ్య కాపలా మానుకున్నాడు. వెళ్ళేనాడు కుందేళ్ళన్నీ శనక్కాయల పనిలో మునిగి ఉన్నాయి. పెద్ద కుందేలు వెండమ్మ ఒక్కతే తలెత్తి, "పోయిరా అన్నా" అంది. అంతే.

వంక అవతల ఓ గుంతలో చేరాడు. పొద్దుపోదు. ఎవరూ రారు. ఆకు కదిలినా అలవాటు కొద్దీ "గాలి ఎటు?" అనేవాడు. బదులిచ్చేవాళ్ళు లేక తనలో తనే నవ్వుకునేవాడు.

ఓ సాయంత్రం నక్క వచ్చింది. "ఏం మామా, ఒంటరిగా కూర్చున్నావు?" అంది.

ఆ ఒక్క పలకరింపుకే ఏదయ్య కరిగిపోయాడు. నక్క మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. పాత సంగతులు చెప్పించుకుని, "నువ్వే లేకపోతే ఆ కుందేళ్ళు ఏమైపోయేవో!" అనేది. నక్క ఊరికే ఎవరి గడపా తొక్కదని ఏదయ్యకు తెలియకపోలేదు. తెలిసీ, పొద్దు వాలేసరికి దానికోసం దారి చూసేవాడు.

"అవునుగానీ మామా, గాలి ఎటు, గాలి ఎటు అంటుంటావే, తప్పు బదులు చెప్పి దొరికిపోయినవాళ్ళున్నారా?"

"ఎందుకు లేరూ! ఓసారి అడవిపిల్లి వచ్చి 'పడమటికి' అంది. పడీపడీ నవ్వాననుకో. 'ముక్కుకెదురే' అనాలని పాపం దానికేం తెలుసు..."

కథ పూర్తి కాకుండానే నక్క లేచి వంకలో దిగింది.

పెదవి దాటితే పృథివి దాటుతుంది. ఏదయ్య దాని వెనకే లేచాడు. పరుగెత్తే కాళ్ళు కావు. ఈడ్చుకుంటూ గుట్ట చేరేసరికి నక్క వాకిట్లోనే నిలబడి ఉంది.

"గాలి ఎటు?" అని లోపలినుంచి వినిపించింది.

"ముక్కుకెదురే!" అంది నక్క గుటకలు మింగుతూ.

బండ కాస్త జరిగింది. నక్క ఆత్రంగా మూతి దూర్చింది. లోపలినుంచి రేగుకంప సర్రున వచ్చి దాని మొహాన దిగింది. నక్క కుయ్యోమంటూ పడుతూ లేస్తూ పారిపోయింది.

ఏదయ్య అక్కడే కూలబడ్డాడు. "వెండమ్మా, నేనే. నోరు జారాను."

వెండమ్మ బయటికొచ్చింది. "నువ్వు గుట్ట దిగిన పూటే మాట మార్చేశాం అన్నా. పాత మాట పలికినవాళ్ళకి కంపే."

"అంటే... నేను చెప్పేస్తానని అప్పుడే అనుకున్నారా?"

"అలా కాదు. నీ దగ్గర లేనిదాన్ని నీ నుంచి ఎవరూ లాక్కోలేరని. అయినా, ఆ సంగతి ఎవరో ఒకరం వచ్చి నీకు చెప్పాల్సింది. ఎలా ఉన్నావని చూడాల్సింది. రాలేదు."

ఏదయ్య కొత్త మాటేమిటని అడగబోయి, తల అడ్డంగా ఊపాడు. "వద్దులే. చెప్పకు."

"చెప్పను," అంది వెండమ్మ. "రేపు పొద్దెక్కాక నేనే నీ దగ్గరికొస్తా. ఎండలో కూర్చుందాం."

నక్క మళ్ళీ ఆ గుంతవైపు రాలేదు. ముక్కు వాచి, ముళ్ళు తీసే దిక్కులేక, పొదలో మూలుగుతూ పడుంది.

వెళ్ళేవాడి దగ్గర తాళంచెవి తీసుకో, చెయ్యి మాత్రం వదలకు.